జంట ఇంజన్ల కాటమరాన్‌కు ఏ ప్రొపెల్లర్ వేయాలి? ఇంజను మార్చే ముందు చూడవలసినవి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. 26 అడుగుల ఫైబర్ కాటమరాన్, అంటే పక్కపక్కన రెండు పొట్టలున్న బోటు, వెనుక బయట బిగించిన రెండు 60 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డులు, గేరు నిష్పత్తి 2.33. మూడు రెక్కల అల్యూమినియం ప్రొపెల్లర్లు, పిచ్ 14. సరంగు, ఇంకొకరు మాత్రమే ఉన్నప్పుడు 5,500 ఆర్పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర గంటకు 46 కిలోమీటర్ల వేగం వస్తోంది. పన్నెండు మంది ఎక్కితే 5,100 దాటడం లేదు, వేగం 38 దగ్గర ఆగిపోతోంది, నీటి మీదికి లేవడానికే అర నిమిషం పడుతోంది. గట్టిగా తిప్పితే మలుపు లోపలివైపు ఇంజను అరుస్తోంది. విజయవాడ పున్నమి ఘాట్ నుంచి కృష్ణలో ఎగువకు పర్యాటకులను తిప్పాలని మీ ఆలోచన. ఇంజన్లు అమ్మినవారు 90 హెచ్‌పీకి మారమంటున్నారు, స్నేహితులు స్టీలు ప్రొపెల్లర్లు వేయమంటున్నారు. ఈ కొలతలన్నీ జనవరిలో తీసుకున్నవి.

ప్రస్తుతానికి ఆ రెండూ వద్దు. నాలుగు రెక్కల అల్యూమినియం ప్రొపెల్లర్లు, పిచ్ 12, వెనుక అంచు కొద్దిగా లోపలికి వంచి ఉన్నవి, అంటే ‘కప్’ ఉన్నవి, ఒక జత వేయండి. నా అంచనా ప్రకారం నిండు బరువుతో 5,400 నుంచి 5,500 ఆర్పీఎం వస్తుంది. వేగం మాత్రం అదే 38, మహా అయితే 39. ఖాళీగా వెళ్లేటప్పుడు 46 కాస్తా 43కి దిగుతుంది. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే ప్రొపెల్లర్ మార్చిన ప్రతి ఒక్కరూ మొదట చూసేది పై వేగాన్నే, అక్కడ ఏమీ పెరగకపోతే డబ్బు దండగ అనుకుంటారు. మీకు ఒరిగేది వేరే చోట: బోటు నీటి మీదికి లేచే సమయం బాగా తగ్గుతుంది, మలుపుల్లో ప్రొపెల్లర్ పట్టు వదలదు, ఇంజన్లు నాలుగు కాలాలు బతుకుతాయి.

పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే, జారకుండా ఉంటే, ఎన్ని అంగుళాలు ముందుకు పోతుందో ఆ లెక్క. ఎక్కువ పిచ్ పెద్ద గేరు, తక్కువ పిచ్ చిన్న గేరు. ముగ్గురిని ఎక్కించుకుని దుర్గగుడి ఘాట్ రోడ్డు టాప్ గేరులో ఎక్కితే బండి ఎలా ములుగుతుందో, మీ ఇంజన్లు ఇప్పుడు అలా ములుగుతున్నాయి. మీ ఇంజను పుస్తకంలో పూర్తి థ్రాటిల్ దగ్గర 5,000 నుంచి 6,000 అని ఉంటుంది. 5,100 ఆ హద్దుల్లోనే ఉంది కదా అని అమ్మినవారు అంటే, మాట నిజమే. కానీ పని చేసే బోటు నిండు బరువుతో ఆ హద్దుల పైసగంలో ఉండాలి. పైగా మీరు కొలిచింది చలికాలంలో. హార్స్‌పవర్‌ను లెక్కగట్టేది 25 డిగ్రీల గాలిలో. మే నెలలో మన ఊళ్లో 45 డిగ్రీల ఎండకు గాలి పలచబడి ఆరు శాతం దాకా బలం అక్కడే పోతుంది, ఆర్పీఎంలో అది నూరు పైచిలుకు. అప్పుడు మీ 5,100 కాస్తా 5,000 కిందికి వస్తుంది. వేసవి సెలవులకు జనం వచ్చేదీ అప్పుడే. ఇంజనును అలా పూర్తి థ్రాటిల్‌లో తక్కువ చుట్లతో గంటలకొద్దీ ఈడ్పిస్తే పిస్టన్ల మీద మసి, బేరింగుల మీద భారం.

జారుడు లెక్క కూడా వేసి చూడండి. ఆర్పీఎంను గేరు నిష్పత్తితో భాగించి, పిచ్‌తో, ఆపైన 0.001524తో గుణిస్తే జారుడు లేనప్పుడు గంటకు ఎన్ని కిలోమీటర్లు పోవాలో వస్తుంది. ఖాళీగా మీకు 50.4 రావాలి, 46 వస్తోంది, అంటే తొమ్మిది శాతం జారుడు. బాగుంది. నిండు బరువుతో 46.7 రావాలి, 38 వస్తోంది, పంతొమ్మిది శాతం. ఇది బాగాలేదు. రెక్కలు నీటిని పట్టుకోలేక చిలుకుతున్నాయి. నాలుగో రెక్క వెతకమనడానికి కారణం ఇదే. వేగాన్ని జీపీఎస్‌తో, ప్రవాహానికి ఎదురుగా ఒకసారి, వాలుగా ఒకసారి కొలిచి సగటు తీశారని అనుకుంటున్నాను. తీయకపోతే ఈ లెక్కంతా మళ్లీ వేయండి. పట్టిసీమ నీళ్లు పవిత్ర సంగమం దగ్గర దిగుతున్న రోజున ఒక తీరు, బ్యారేజీ గేట్లన్నీ మూసి నీరు నిలిచి ఉన్న రోజున ఒక తీరు.

ఇక డబ్బు పెట్టే ముందు చేయవలసినవి. ఇవి చేయకుండా ప్రొపెల్లర్ కొన్నవాళ్లు తరువాత ఆటోనగర్‌లో మా షెడ్డుకు రావడం నేను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను.

ముందు థ్రాటిల్ చూడండి. ఇంజన్లు ఆపి, పై మూతలు తీసి, లీవరు పూర్తిగా ముందుకు తోయమని ఒకరికి చెప్పి, మీరు వెనుక నిలబడి చూడండి. థ్రాటిల్ కడ్డీ చివరి దాకా వచ్చి ఆపు బోల్టుకు తగులుతోందా? కేబుల్ సాగినా, బిగించడంలో తేడా వచ్చినా నాలుగైదు మిల్లీమీటర్లు మిగిలిపోతుంది. బోటు యజమాని మూడో జత ప్రొపెల్లర్లు కొన్నాక నేను ఈ సంగతి కనిపెట్టిన సందర్భం ఉంది. ఆయన ముఖం చూడలేకపోయాను.

రెండోది, ఆర్పీఎం మీటర్లను అలాగే నమ్మేయవద్దు. వెనుక చిన్న స్విచ్చుతో పోల్స్ సంఖ్య, అంటే ఇంజను ఆల్టర్నేటరులోని అయస్కాంత ధ్రువాల సంఖ్య, సరిచేసుకునే మీటర్లు ఉంటాయి, అది ఒక గడి తప్పితే అంతా తప్పే. రెండు మీటర్ల వైర్లు అటు ఇటు మార్చి చూస్తే తెలిసిపోతుంది.

మూడోది ప్రొపెల్లర్లు అటు ఇటు మార్చడం. జంట ఇంజన్లవారికి దొరికిన వరం ఇది. ఒంటి ఇంజనువారికి పోల్చుకోవడానికి రెండోది ఉండదు. నాలుగేళ్ల క్రితం ఒక జల విహారం బోటు నా దగ్గరికి వచ్చింది. మీలాంటిదే, కొంచెం చిన్నది. ఎడమ ఇంజను కుడిదానికంటే 250 ఆర్పీఎం ఎక్కువ తిరుగుతుంది, బోటు ఒక పక్కకు లాగుతుంది. కుడి ఇంజను నీరసపడిందని వేరే చోట ఇంజెక్టర్లు, ప్లగ్గులు, పెట్రోలు పంపు అన్నీ మార్చి ఉన్నారు. నేను చేసిందల్లా ఎడమ ప్రొపెల్లర్ కుడికి, కుడిది ఎడమకు వేసి ఘాట్ నుంచి భవానీ ద్వీపం దాకా ఒక చుట్టు కొట్టి రావడం. ఇప్పుడు కుడి ఇంజను ఎక్కువ తిరుగుతోంది. అంటే తేడా ఇంజనులో లేదు, ప్రొపెల్లర్‌తో పాటు నడిచి వచ్చింది. రెండింటి మీదా ఒకే నంబరు కొట్టి ఉంది, రంగూ ఒకటే. ఒడ్డున బల్ల మీద బోర్లా పెట్టి ఒక్కో రెక్క వెనుక అంచు మీద గోరు ఆనించి లాగాను. ఒకదానిలో గోరుకు సన్నని పెదవిలాంటి వంపు తగులుతోంది, రెండోదానిలో చదునుగా జారిపోతోంది. ఎప్పుడో రాయి తగిలితే వెల్డింగు వేయించి, నున్నగా రావాలని గ్రైండరు పట్టించారట. నున్నగా వచ్చింది, కప్ పోయింది. కంటికి కనపడని ఆ వంపు విలువ అంగుళం పిచ్‌కు దగ్గరగా ఉంటుంది. మీ రెండు ఇంజన్లూ ఒకే దిశలో తిరుగుతాయి గనుక ఈ పరీక్ష మీకూ కుదురుతుంది. ఎదురు దిశల్లో తిరిగే జంట అయితే కుదరదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయనుకుంటే ఎత్తు దగ్గరికి వద్దాం. కాటమరాన్ అంటే మన నదికి కొత్తేమీ కాదు. రెండు పడవల మీద బల్లలు పరిచి లారీలనే దాటించిన బల్లకట్టులు కృష్ణ మీద ఎన్ని లేవు! కానీ అవి నెమ్మదిగా పోయేవి. వేగంగా పోయే జంట పడవకు అసలు పేచీ మధ్య ఖాళీతో వస్తుంది, దాన్ని టన్నెల్ అంటాం. అక్కడి నుంచి వచ్చే నీరు గాలితో కలిసి నురగలా ఉంటుంది. ఒక్కో పొట్ట వెనుక మంచి నీరు ఒక సన్నని బాటలా మాత్రమే దొరుకుతుంది. ఇంజను ఆ బాట మధ్యలో ఉండాలి. స్టీరింగు కడ్డీ సరిపోవాలనో, బిగించడం సులువనో రెండు ఇంజన్లనూ కొంచెం లోపలికి జరిపి బిగించడం చూశాను. రెండు అంగుళాలు చాలు, ప్రొపెల్లర్ లోపలి సగం ఆ నురగలో తిరుగుతుంది. మలుపులో అరుపు వస్తున్నదంటే నా మొదటి అనుమానం అదే. టేపు తీసుకుని అడుగున పొట్ట మధ్యరేఖ నుంచి ఇంజను మధ్యకు ఎంత ఉందో చూసి రాయండి.

ఆ అరుపును చాలామంది కావిటేషన్ అంటారు. కాదు. కావిటేషన్ అంటే రెక్క వెనుక ఒత్తిడి మరీ తగ్గి నీరు ఉన్నచోటనే ఆవిరి బుడగలై పేలడం, అది రెక్కల మీద పురుగు తిన్నట్టు గుంటలు మిగులుస్తుంది. మీది పైనుంచి గాలి పీల్చుకోవడం. ప్రొపెల్లర్ పైన పళ్లెంలా ఉండే అడ్డపలక పని ఆ గాలిని ఆపడమే. తమాషా ఏమిటంటే దాన్ని కూడా అందరూ కావిటేషన్ ప్లేటు అనే పిలుస్తారు, నేనూ పిలుస్తాను. బోటు ట్రైలరు మీద ఉన్నప్పుడు పొట్ట అడుగున పొడవాటి అల్యూమినియం బద్ద ఆనించి వెనక్కి చాపండి. ప్లేటు ఆ గీతకు సమంగానో, అంగుళం పైనో ఉంటే మొదలుపెట్టడానికి సరిపోతుంది. అంతకంటే పైన ఉంటే ఒక బోల్టు రంధ్రం దించండి, ముప్పావు అంగుళం దిగుతుంది. కింద ఉంటే తొందరపడి ఎత్తవద్దు, ముందు కొత్త ప్రొపెల్లర్ వేసి చూడండి. నాలుగు రెక్కలు, కప్ ఉన్నవి నురగ నీటిని కూడా కాస్త పట్టుకుంటాయి గనుక తరువాత ఒక రంధ్రం ఎత్తుకునే వీలు వస్తుంది, ఈడ్పు తగ్గుతుంది. ఎత్తిన ప్రతిసారీ నీటి ఒత్తిడి మీటరు చూడాలి. ఇంజనుకు చల్లని నీరు అందే రంధ్రాలు నీటిలో మునిగి ఉండే దాని కింది కాలిలోనే ఉన్నాయి.

ఇక్కడ ఒక పక్క మాట. 2018 నవంబరులో పున్నమి ఘాట్ దగ్గర ఎఫ్1 హెచ్2ఓ పవర్‌బోటు పోటీలు జరిగినప్పుడు మీరూ చూసే ఉంటారు. అవీ టన్నెల్ బోట్లే. ఒక్కటే ఇంజను, రెండున్నర లీటర్ల వీ6, దాదాపు 400 హెచ్‌పీ, గంటకు 200 కిలోమీటర్లు దాటే వేగం. నేను రెండు రోజులు అక్కడే నిలబడి వాటి వెనుక భాగాలు మాత్రమే చూశాను. వాటి ప్రొపెల్లర్లు సగం నీటి బయటే తిరిగేలా తయారైనవి, ఆ రెక్కల ఆకారమే వేరు. ఆ పోటీల తరువాత ఓ ఏడాది పాటు కుర్రవాళ్లు వచ్చి మా ఇంజను కూడా అంత పైకి ఎత్తమని అడిగేవారు. మామూలు ప్రొపెల్లర్‌ను అలా ఎత్తితే గాలి మింగి, కూలింగు నీరు అందక, పంపు లోపలి రబ్బరు చక్రం కాలి కూర్చుంటుంది.

రెండు ఇంజన్లు సమాంతరంగా ఉన్నాయో లేదో కూడా చూడండి. స్టీరింగు నేరుగా పెట్టి, రెండు ప్లేట్ల ముందు అంచుల మధ్య, వెనుక అంచుల మధ్య దూరం కొలవండి. సమానంగా ఉండేలా రెండు ఇంజన్లను కలిపే మధ్య కడ్డీ సరిచేసి మొదలుపెట్టండి. ట్రిమ్, అంటే ఇంజను వంపు, రెండింటికీ ఒకేలా ఉండాలి. ఒంటి పొట్ట బోటులా ట్రిమ్ ఎత్తితే కాటమరాన్ ముక్కు అంతగా లేవదు, ఇంకా ఎత్తితే గాలి పీలుస్తుంది, అంతే. మరీ లోపలికి ఉంచితే ముక్కు దిగి టన్నెల్‌లో నుంచి తుంపర ముందుకు చిమ్ముతుంది, తుమ్మినట్టు. టికెట్టు కొన్నవారి బట్టలు తడుస్తాయి.

రెండూ ఒకే దిశలో తిరగడం దోషమా అని మీరు చివర అడిగారు. ఈ సైజులో ఎదురు తిరిగే ఇంజన్లు దొరకడమే కష్టం. రెండూ ఒకే దిశలో తిరిగితే బోటు కొద్దిగా ఒక పక్కకు ఒరుగుతుంది, కానీ మీది వెడల్పాటి బోటు, ఆ ఒరుగు మీకు తెలియను కూడా తెలియదు. వదిలేయండి.

స్టీలు సంగతి. స్టీలు రెక్క పలచగా ఉంటుంది, బరువుకు వంగదు, ఖాళీ బోటుకు ఒకటి రెండు కిలోమీటర్ల వేగం ఇస్తుంది. సముద్రంలో, లోతు నీళ్లలో నేనూ వేస్తాను. కానీ మీరు తిప్పేది బ్యారేజీ ఎగువన. నీరు తగ్గితే నిన్న లేని ఇసుక మేట ఇవాళ ఉంటుంది, పాత గుంజలు ఉంటాయి, కొట్టుకొచ్చిన దుంగలు ఉంటాయి. అల్యూమినియం రెక్క వంగి దెబ్బను తానే తీసుకుంటుంది. స్టీలు రెక్క ఆ దెబ్బను షాఫ్టుకు, గేర్లకు పంపుతుంది. మధ్యలో రబ్బరు బుష్ ఉన్నా ప్రతిసారీ అది కాపాడదు. ఒక జత అల్యూమినియం ప్రొపెల్లర్ల ధర ఒక గేరు సెట్టు ధరలో చిన్న భాగం.

90 హెచ్‌పీ ఎందుకు వద్దంటున్నానంటే, ఒక్కో ఇంజను ఇప్పటిదానికంటే సుమారు 50 కిలోలు ఎక్కువ. రెండింటికీ కలిపి వంద కిలోలు, అదీ తోక చివర. సన్నని పొట్టలున్న బోటు వెనుక బరువుకు ఇట్టే దిగుతుంది, టన్నెల్ పైకప్పు నీటికి దగ్గరవుతుంది, చిన్న అలకే చప్పుడు చేస్తుంది. వెనుక పలక అంత బలానికి కట్టినదో లేదో కట్టినవారు రాసి ఇవ్వాలి. 2021 నాటి అంతర్గత జల నౌకల చట్టం కింద సర్వే, రిజిస్ట్రేషన్ చేయించిన బోటుకు ఇంజన్లు మారిస్తే ఆ కాగితాలు మళ్లీ కదులుతాయి. పన్నెండు మందితో 38 కిలోమీటర్లు మీ పనికి చాలదా? బోటు ఎక్కేది దుర్గమ్మ కొండను, బ్యారేజీ దీపాలను చూడడానికి వచ్చినవారు.

వాళ్ల గురించే ఇంకొకటి. కొండ కనపడగానే అందరూ ఫోన్లు తీసి ఒకే పక్కకు చేరతారు. కాటమరాన్ అంతగా ఒరగదు గనుక ఎవరికీ భయం వేయదు, కానీ ఆ పక్క పొట్ట దిగుతుంది, ఆ ఇంజను 200 చుట్లు పడిపోతుంది, అవతలిది తేలి గాలి పీలుస్తుంది. మీ మలుపు అరుపులో కొంత ఇదీ కావచ్చు. ఫొటోల కోసం బోటు ఆపండి, తిప్పుతూ చూపించవద్దు.

ఒక్క ఇంజనుతో పరీక్ష తప్పనిసరి. రెండు ఇంజన్లు ఉన్నాయన్న ధైర్యం ఒకటి ఆగిపోయాక ఎంత మిగులుతుందో ముందే తెలియాలి. నిండు బరువుతో, ఆగిన ఇంజనును నీటిలోంచి పైకి ఎత్తి, రెండోదానితో ఎదురు ప్రవాహంలో ఎంత వేగం వస్తోందో చూసి సరంగు ముందు రాసి అతికించండి. బోటు నీటి మీదికి లేవదు, ఆశించవద్దు. ఇంజను ములుగుతోంటే థ్రాటిల్ తగ్గించాలి. 14 కంటే 12 పిచ్ ఇక్కడ కూడా మిమ్మల్ని ఆదుకుంటుంది. గేట్లు ఎత్తినప్పుడు బ్యారేజీ వైపు లాగే నీటిలో ఈ అంకె తెలియకుండా ఉండకూడదు. 2024 సెప్టెంబరు వరదలో కట్లు తెంచుకున్న పడవలు వెళ్లి ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర ఏం చేశాయో ఊరంతా చూసింది.

ప్రొపెల్లర్ విప్పినప్పుడల్లా షాఫ్టు మీద చూడండి. కిందటి నెల ఒక ఇంజను నుంచి ప్రొపెల్లర్ లాగితే లోపల నైలాన్ వల దారం కరిగి గట్టిపడి ఆకుపచ్చ గాజులా షాఫ్టుకు చుట్టుకుని ఉంది. కత్తితో కోస్తే గానీ రాలేదు. గేరు ఆయిలు బోల్టు వదులు చేస్తే పాలు కలిపిన టీ రంగులో కారింది, సీలు కోసుకుపోయి నీరు చేరింది. గుర్రపుడెక్క ఒక బాధ, ఈ దారం వేరే బాధ. గుర్రపుడెక్క కనిపిస్తుంది, దారం కనిపించదు.

పాత 14 పిచ్ జత పారేయవద్దు. ఒకటి బోటులో ఉంచండి, దానితో పాటు థ్రస్టు వాషరు, నట్టు, కొత్త పిన్ను, పానా. పానాను తాడుతో బోటుకు కట్టండి, నీళ్లలో పడేది ఎప్పుడూ అదే.

పరీక్షకు పన్నెండు మందిని పోగుచేయడం కష్టమైతే ఇరవై లీటర్ల నీళ్ల టిన్నులు 42 అద్దెకు తెచ్చుకోండి. నది నీటితోనే నింపి సీట్ల మీద, మనుషులు కూర్చునేలాగానే సర్దితే 840 కిలోలు. టిన్నులు ఫొటోలకు లేవవు, ఒక పక్కకు చేరవు. అలా రెండు దిశల్లో పరుగెత్తించి, రెండు ఇంజన్ల ఆర్పీఎం, వేగం, నీటి మీదికి లేవడానికి పట్టిన సెకన్లు, పొట్ట మధ్యరేఖ నుంచి ఇంజను దూరం ఇక్కడే రాయండి. నిండు బరువుతో 5,300 దాటకపోతే 11 పిచ్ చూద్దాం.